ఘాట్ ఎక్కే ముందు పళ్ల లెక్క

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ మొదలైన కాసేపటికే నా వేళ్లు ఇంకో గేరు కోసం వెతికాయి. లేదు. చైన్ అప్పటికే వెనకున్న అతి పెద్ద పళ్లచక్రం మీదికి చేరిపోయింది. ముందు 52, 36 పళ్ల చైన్‌రింగులు, వెనక 11 నుంచి 28 పళ్ల కాసెట్. పందేల్లో తొక్కేవాళ్లకు నప్పే అమరిక అది. ఏ దారిలో తొక్కుతావని కొన్నచోట ఎవరూ అడగలేదు. మోకాళ్లు మొరాయించాక దిగి, సైకిల్ నడిపించుకుంటూ వెళ్లాను.

ఇప్పుడు ఒంటి కొలతలకు ఫ్రేమ్ కట్టించుకుంటున్నాను. ఈసారి రంగు సంగతి తర్వాత, గేర్ల లెక్క ముందు.

లెక్క తేలికే. చైన్‌రింగ్ పళ్లను వెనక పళ్లతో భాగిస్తే, పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. టైరు చుట్టుకొలత దాదాపు 2.1 మీటర్లు. ముందు 36, వెనక 28 అయితే ఒక్క తొక్కుకు 2.7 మీటర్లు కదులుతాం. ఈసారి అనుకుంటున్నది ముందు 50, 34 పళ్ల చైన్‌రింగులు, వెనక 11 నుంచి 34 పళ్ల కాసెట్. అందులో ముందూ వెనకా 34 అయితే 2.1 మీటర్లే.

నేనూ సైకిలూ నీళ్ల సీసాలూ కలిపి 80 కిలోలు. వంద మీటర్లకు ఏడు మీటర్లు లేచే దారిలో గంటకు 8 కిలోమీటర్ల వేగానికి సుమారు 130 వాట్లు కావాలి. ఏ గేరు వేసినా ఆ వాట్లు తగ్గవు. తగ్గేది కాలు మోపాల్సిన బలం. 36-28లో నిమిషానికి 49 తొక్కులు, ఒక్కోదానికి పెడల్ మీద సగటున 15 కిలోల పైచిలుకు బరువు. 34-34లో 63 తొక్కులు, 12 కిలోలు. బావిలోంచి అన్నే నీళ్లు తోడాలి. నిండు బిందెతో లాగుతారా, చిన్న చేదతో ఎక్కువసార్లు తోడతారా అన్నదే తేడా. బలం పెరిగేకొద్దీ త్వరగా అలిసిపోయే కండర తంతువులు పనిలోకి దిగుతాయి. గంటసేపు సాగే ఎక్కుడులో ఆ మూడు కిలోలు వేలసార్లు మోకాలి మీద పడతాయి.

మరి 11-34 కాసెట్‌తో పోగొట్టుకునేదేమిటి? పదకొండు చక్రాల్లోనే అంత పరిధి ఇమడాలి కాబట్టి మధ్యలో ఖాళీలు పడతాయి. షిమానో 11-28లో 13, 14, 15 వరసగా ఉంటాయి. 11-34లో 14 ఉండదు. 50 పళ్ల చైన్‌రింగ్‌తో గంటకు 36 కిలోమీటర్ల వేగంలో 15 మీద నిమిషానికి 86 తొక్కులు పడితే, 13కి మారగానే 74కి జారతాయి. గుంపులో దూసుకుపోయేవాళ్లకు అది ఇబ్బందే. ఒంటరిగా తొక్కే నాకు ఆ వేగం దిగుడులో తప్ప రాదు. 50-11లో నిమిషానికి 90 తొక్కులంటే గంటకు 51 కిలోమీటర్లు! చాలామంది బేరమాడేది ఈ వేగం చివర గురించి. ఆడాల్సింది కొండెక్కించే ఆ చివర గురించి.

టూర్ ద ఫ్రాన్స్‌లో గేర్లు మార్చే డిరైల్లర్‌ను 1937 వరకు ఒప్పుకోలేదు. అంతకుముందు కొండ కింద దిగి, వెనక చక్రం ఊడదీసి, రెండోవైపు పళ్లు వచ్చేలా తిప్పి బిగించుకునేవాళ్లు. అంతటి మొనగాళ్లకే కొండకు వేరే పళ్లు కావాల్సివచ్చాయి.

కాసెట్ మారిస్తే సరిపోదు, డిరైల్లర్ కూడా దాన్ని మోయగలగాలి. 50కి 34కి తేడా 16, 34కి 11కి తేడా 23. మొత్తం 39 పళ్ల వదులు చైన్‌ను అది లాగి పట్టాలి. షిమానో 105 ఆర్7000లో పొట్టి కేజ్ (చైన్‌ను లాగి పట్టే చట్రం) రకానికి ఆ శక్తి 35 పళ్ల దాకానే, పైగా వెనక 30 పళ్లు దాటకూడదు. పొడుగు కేజ్ రకం 39ని, 34 పళ్ల చక్రాన్ని మోస్తుంది. విడిగా చూస్తే రెండింటి తేడా తేలిగ్గా తెలియదు. నా ఆర్డరు కాగితం మీద ‘పొడుగు కేజ్’ అని రాసి, కింద గీత గీశాను.