‘స్టూడెంట్లకు ఏటీఎం కార్డు ఇవ్వం’ అని బ్యాంకు అంటే ఏం చేయాలి?

కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలు ఏటీఎం కార్డు అడిగితే కొన్ని బ్యాంకు బ్రాంచీల్లో "స్టూడెంట్లకు ఇవ్వం" అని ఒక్క మాటతో పంపించేస్తారు. పిల్లలు కూడా అదే నిబంధన కాబోలు అనుకుని తిరిగి వచ్చేస్తారు. విద్యార్థి అయినంత మాత్రాన కార్డు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు ఎక్కడా చెప్పలేదు. కార్డు రావడం, రాకపోవడం మూడు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: ఖాతాదారు వయసు, ఖాతా రకం, ఇచ్చిన పత్రాలు. మీ పిల్లల దరఖాస్తు వీటిలో ఎక్కడ ఆగిందో తెలుసుకోండి. అప్పుడే అది నిజంగా నిబంధనో, ఆ బ్యాంకు సొంత నిర్ణయమో, మీ హక్కును కాదనడమో తేలుతుంది.

వయసు 18 నిండకపోతే కార్డు రాదా?

18 ఏళ్లు నిండనివారు చట్టం దృష్టిలో మైనర్లు. ఇంటర్ చదివే పిల్లల్లో ఎక్కువమంది, డిగ్రీ మొదటి ఏడాదిలో కొందరు ఈ వయసులోనే ఉంటారు. మైనర్ల ఖాతాల నిబంధనలను రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ 21న సవరించింది. వాటి ప్రకారం ఏ వయసు పిల్లలకైనా సంరక్షకుల ద్వారా ఖాతా తెరవవచ్చు. తల్లి కూడా సంరక్షకురాలిగా ఉండవచ్చు. పదేళ్లు నిండిన పిల్లలు, బ్యాంకు ఒప్పుకుంటే, తామే ఖాతా తెరిచి నడుపుకోవచ్చు.

అయితే మైనర్లకు కార్డు, చెక్‌బుక్, నెట్ బ్యాంకింగ్ ఇవ్వాలా వద్దా అన్నది రిజర్వు బ్యాంకు ఆయా బ్యాంకులకే వదిలేసింది. ఖాతాలో ఉన్నదానికంటే ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీయడానికి వీలుండకూడదన్నది షరతు. అందువల్ల పదహారేళ్ల అమ్మాయికి ఒక బ్యాంకు కార్డు ఇవ్వనంటే అది తప్పు కాదు. పక్క వీధిలోని మరో బ్యాంకు రోజువారీ పరిమితి పెట్టి ఇస్తే అదీ తప్పు కాదు. ఇక్కడ వాదించి లాభం లేదు. కార్డు ఇచ్చే బ్యాంకును వెతుక్కోవడమే దారి.

18 దాటాక కూడా ఎందుకు ఇవ్వడం లేదు?

ఖాతా బడి రోజుల్లో తెరిచిందేమో చూడండి. 18 నిండగానే బ్యాంకు ఖాతాదారు నుంచి కొత్త సంతకం నమూనా, ఖాతాను ఎవరు నడుపుతారన్న సూచనలు తీసుకోవాలి. అవి ఇవ్వనంతకాలం బ్యాంకు లెక్కల్లో ఆ ఖాతా మైనర్ ఖాతాగానే మిగిలిపోవచ్చు. ఆధార్, ఫొటో, పాస్‌బుక్‌తో ఖాతాదారే స్వయంగా వెళ్లి ఈ మార్పు చేయించుకున్నాక కార్డుకు దరఖాస్తు పెట్టాలి.

జీరో బ్యాలెన్స్ ఖాతాకు కార్డు ఉండదా?

బాగా గుర్తుంచుకోవాల్సింది ఇదే. కనీస నిల్వ అక్కర్లేని సాధారణ పొదుపు ఖాతాను బేసిక్ సేవింగ్స్ ఖాతా అంటారు. దీన్ని రిజర్వు బ్యాంకు 2012 ఆగస్టులో ప్రవేశపెట్టి, 2019 జూన్ 10న నిబంధనలను మరింత స్పష్టం చేసింది. డబ్బు ఎన్నిసార్లయినా, ఎంతయినా జమ చేసుకోవచ్చు. నెలకు కనీసం నాలుగుసార్లు ఉచితంగా తీసుకోవచ్చు. ఏటీఎం కార్డు లేదా ఏటీఎం కమ్ డెబిట్ కార్డు కూడా ఉచితంగా ఇవ్వాలి. 2014 ఆగస్టు 28న మొదలైన జన్‌ధన్ ఖాతాలూ ఈ కోవలోవే. వాటికి రూపే కార్డు ఇస్తారు. అందువల్ల "జీరో బ్యాలెన్స్ కదా, కార్డు రాదు" అంటే ఆ మాట నిబంధనకు విరుద్ధం.

ఇందులో ఒక మెలిక ఉంది. బేసిక్ ఖాతా ఉన్న బ్యాంకులోనే మరో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు. ఉంటే 30 రోజుల్లో మూసేయాలి. ఇప్పటికే మామూలు సేవింగ్స్ ఖాతా ఉంటే, దాన్నే బేసిక్ ఖాతాగా మార్చమని రాసివ్వవచ్చు.

నెలకు నాలుగుసార్లు సరిపోతాయా అన్న అనుమానం సహజం. ఇంటి నుంచి నెలకు రూ.6,000 వస్తుందనుకుందాం. వారానికోసారి రూ.1,500 తీస్తే నాలుగింటితో సరిపోతుంది. అదే రూ.500 చొప్పున తీస్తే పన్నెండుసార్లు అవుతుంది. మిగిలిన ఎనిమిదింటికి ఛార్జీ పడుతుందా, అసలు అనుమతిస్తారా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి.

స్మాల్ అకౌంట్ అంటున్నారు, అదేమిటి?

గుర్తింపు పత్రాలు పూర్తిగా లేనివారికి ఫొటో, సంతకంతో తెరిచే ఖాతా ఇది. ఏడాది మొత్తంలో జమ రూ.1 లక్ష దాటకూడదు. నెలలో తీసేది, పంపేది కలిపి రూ.10,000 దాటకూడదు. ఏ సమయంలోనూ నిల్వ రూ.50,000 మించకూడదు. ప్రభుత్వ సాయం రూపంలో వచ్చే జమకు మాత్రం ఈ నిల్వ పరిమితి అడ్డు రాదు. మొదట 12 నెలలు చెల్లుతుంది. పత్రాల కోసం దరఖాస్తు చేశామని చూపిస్తే మరో 12 నెలలు పొడిగిస్తారు.

హాస్టల్ కుర్రాడి లెక్కలో చూద్దాం. గది, భోజనం కలిపి నెలకు రూ.7,000 కడితే అతని చేతిలో మిగిలే పరిమితి రూ.3,000. ఆ నెలలోనే రూ.20,000 కాలేజీ ఫీజు కట్టాల్సివస్తే, ఖాతాలో డబ్బున్నా కదలదు. కార్డు పాడైందనుకుంటారు, కానీ అడ్డుపడుతున్నది ఖాతా పరిమితి. పూర్తి పత్రాలిచ్చి ఖాతాను మామూలుగా మార్పించుకుంటే ఈ ఇబ్బంది పోతుంది.

కాలేజీ ఐడీ కార్డు చూపిస్తే చాలదా?

చాలదు. ఈ విషయంలో బ్యాంకుదే న్యాయం. గుర్తింపు, చిరునామా సరిచూసుకునే ప్రక్రియను కేవైసీ అంటారు. దానికి చెల్లేవి ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, జాతీయ జనాభా రిజిస్టరు లేఖ. కాలేజీ ఐడీ ఆ జాబితాలో లేదు. పాన్ లేకపోతే దానికి బదులుగా ఇచ్చే ప్రకటన ఫారం బ్యాంకులోనే దొరుకుతుంది.

"ఆధార్‌లో శ్రీకాకుళం చిరునామా ఉంది, ఇక్కడ హైదరాబాద్‌లో ఖాతా కుదరదు" అంటే మాత్రం ఒప్పుకోనక్కర్లేదు. ఆధార్ ఇచ్చినవారు ప్రస్తుతం వేరేచోట ఉంటే, ఆ చిరునామాను స్వయంగా రాసిచ్చి సంతకం చేస్తే సరిపోతుందని కేవైసీ నిబంధనలే చెబుతున్నాయి.

"కార్డు కావాలంటే పాలసీ తీసుకోండి" అంటే?

అలా అనకూడదు. 2022 ఏప్రిల్ 21న రిజర్వు బ్యాంకు ఇచ్చిన కార్డుల నిబంధనల ప్రకారం, డెబిట్ కార్డు ఇవ్వడానికి మరో సేవను ముడిపెట్టకూడదు. కార్డు వద్దన్నవారికి బలవంతంగా అంటగట్టకూడదు కూడా.

మామూలు సేవింగ్స్ ఖాతాకు మాత్రం కార్డు ఫీజు ఉండవచ్చు. ఏడాదికి రూ.200 అనుకుంటే 18 శాతం జీఎస్టీతో రూ.236, అంటే నెలకు రూ.20 లోపే. దీనికంటే ఏటీఎం ఛార్జీల మీద కన్నేయాలి. మామూలు ఖాతాకు సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు ఐదు లావాదేవీలు ఉచితం. ఇతర బ్యాంకుల ఏటీఎంలలో హైదరాబాద్ వంటి మెట్రోల్లో మూడు, వరంగల్, విజయవాడ వంటిచోట్ల ఐదు ఉచితం. ఆపైన 2025 మే 1 నుంచి ఒక్కోదానికి రూ.23 వరకు వసూలు చేయవచ్చు. జీఎస్టీతో కలిపి రూ.27.14. నెలకు మూడు అదనంగా పడితే రూ.81.42, ఏడాదికి దాదాపు రూ.977. కార్డు ఫీజుకు ఇది నాలుగింతలు.

కార్డు వచ్చింది, కానీ దానితో పరీక్ష ఫీజు కట్టలేకపోతున్నాం

ఇది నిరాకరణ కాదు. 2020 అక్టోబరు 1 నుంచి కొత్త కార్డులు మొదట దేశంలోని ఏటీఎంలలో, దుకాణాల స్వైపింగ్ మిషన్లలో మాత్రమే పనిచేస్తాయి. మోసాలను అరికట్టేందుకు ఈ ఏర్పాటు చేశారు. ఆన్‌లైన్ చెల్లింపులను బ్యాంకు యాప్‌లోనో, ఏటీఎంలోనో, బ్రాంచిలోనో ఖాతాదారే ఆన్ చేసుకోవాలి. అలా చేశాకా పనిచేయకపోతే, ఇచ్చింది ఏటీఎంకు మాత్రమే పరిమితమైన కార్డేమో అడగండి.

పాత స్కాలర్‌షిప్ ఖాతా మూలపడి ఉంటే?

రెండేళ్లపాటు ఖాతాదారు లావాదేవీలు ఏమీ లేకపోతే ఖాతాను పనిచేయని ఖాతాగా పక్కన పెడతారు. కానీ ప్రభుత్వ పథకాల లబ్ధి, స్కాలర్‌షిప్‌ల కోసం తెరిచిన జీరో బ్యాలెన్స్ ఖాతాలను ఈ కారణంతో అలా మార్చకూడదని 2024 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది. "ఖాతా డెడ్ అయింది, కార్డు రాదు" అంటే ఇది స్కాలర్‌షిప్ ఖాతా అని గుర్తుచేయండి.

కార్డు వచ్చేదాకా ఎలా?

యూపీఐ వాడాలంటే కార్డు ఉండి తీరాలన్నది ఇప్పుడు పాత మాట. బ్యాంకులోనూ ఆధార్‌లోనూ ఒకే ఫోన్ నంబరు ఉంటే, ఆధార్ ఓటీపీతో యూపీఐ పిన్ పెట్టుకునే వీలుంది. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్‌తో అమ్మానాన్నల ఖాతా నుంచే పిల్లలు చెల్లించవచ్చు. ఒకసారికి రూ.5,000, నెలకు రూ.15,000 వరకు ముందే అనుమతి ఇవ్వవచ్చు. లేదా ప్రతి చెల్లింపునూ పెద్దలు చూసి ఒప్పుకునేలా పెట్టుకోవచ్చు.

ఇంకా ఇవ్వకపోతే?

నోటిమాటతో తిరిగి రావద్దు. "నా ఖాతా ఏ రకం? ఈ రకానికి కార్డు ఎందుకు ఇవ్వడం లేదు?" అన్న రెండు ప్రశ్నలతో దరఖాస్తు రాసి, ఒక ప్రతి మీద బ్రాంచి ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఇది బ్యాంకులపై ఫిర్యాదులు తేల్చే అధికారి వ్యవస్థ. దీనికి ఫీజు లేదు. వివరాలకు 14448కు ఫోన్ చేయవచ్చు.

ఫిర్యాదు చేసేముందు ఒక తేడా గమనించండి. బ్యాంకుల వ్యాపార నిర్ణయాల జోలికి అంబుడ్స్‌మన్ వెళ్లరు. మైనర్‌కు కార్డు ఇవ్వకపోవడం అలాంటిదే. బేసిక్ ఖాతా కార్డు మాత్రం బ్యాంకు దయ మీద ఆధారపడింది కాదు, నిబంధన ప్రకారం ఇచ్చి తీరాల్సిందే. ఇంటికి దూరంగా చదువుకుంటూ చేతిలో డబ్బు అందక ఇబ్బంది పడే పిల్లలకు ఈ తేడా తెలిసి ఉండాలి. అది తెలిసినవారు కౌంటర్ దగ్గర బతిమాలాల్సిన పని లేదు. తమకు రావాల్సినది మర్యాదగా, గట్టిగా అడగగలరు.