కర్రలో దాగే తెగులు

కర్రపెండలాన్ని గింజతో వేయరు. దుంపలు తవ్వాక మిగిలిన కర్రనే జానెడు ముక్కలుగా నరికి మళ్లీ నాటుతారు. తల్లికర్రలో వైరస్ ఉంటే ముక్కతోపాటే కొత్త చేలోకి వస్తుంది. తర్వాత దాన్ని మొక్కమొక్కకూ మోసేది తెల్లదోమ. పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులకు దుంప వేసే రైతులకు తెలిసిన మొజాయిక్ తెగులు ఇలాగే పాకుతుంది.

తూర్పు ఆఫ్రికాను ఏడిపిస్తున్నది ఇలాగే పాకే మరో తెగులు, బ్రౌన్ స్ట్రీక్. దీన్ని 1936లో, ఇప్పటి టాంజానియాలో గుర్తించారు. పైకి చేను పచ్చగానే కనిపించవచ్చు. దుంప తవ్వి అడ్డంగా కోస్తే లోపల గోధుమరంగు ఎండుకుళ్లు, బెండులా గట్టిపడి ఉంటుంది. ఆ భాగం తినడానికి పనికిరాదు.

చిగురు కొన నుంచి ఆవగింజకన్నా చిన్న కణజాలం తీసి టిష్యూ కల్చర్‌లో పెంచితే వైరస్ లేని మొక్క దొరుకుతుంది. అయితే అది చేలోకి వెళ్లాక తెల్లదోమ వాలితే మళ్లీ మొదటికే. అందుకే రక్షణ మొక్కలోనే ఉండాలి. దానికి ఒక దారి జన్యుమార్పిడి.

జన్యుమార్పిడి అంటే దుంపలో ఏదో విషం నింపడమేనన్న భయం చాలామందికి ఉంది. ఈ పంట విషయంలో అది పూర్తిగా తప్పు. ఇక్కడ జరిగేది పోలీసులు పాత దొంగ వేలిముద్ర దాచుకోవడం లాంటిది. బ్రౌన్ స్ట్రీక్ తెచ్చే రెండు వైరస్‌ల పైతొడుగు జన్యువుల భాగాలను మొక్కలో చేరుస్తారు. వాటి నుంచి మొక్క జంటపోగుల ఆర్‌ఎన్‌ఏ తయారుచేసి, సుమారు 21 అక్షరాల ముక్కలుగా కత్తిరించి ఉంచుకుంటుంది. అసలు వైరస్ రాగానే దాని ఆర్‌ఎన్‌ఏ ఈ ముద్రతో సరిపోతుంది, మొక్క దాన్ని తుంచేస్తుంది. ముద్ర దొంగతనం చేయలేదు. ఆ ముక్కల నుంచి వైరస్ పుట్టదు, కొత్త ప్రోటీనూ తయారవదు.

కెన్యా, ఉగాండా పరిశోధన సంస్థలు అమెరికాలోని డాన్‌ఫోర్త్ కేంద్రంతో కలిసి ఇలాంటి కర్రపెండలాన్ని రూపొందించాయి. 2021లో కెన్యా జీవభద్రతా సంస్థ దానికి పర్యావరణ అనుమతి ఇచ్చింది.

అయితే ఒకరి వేలిముద్రతో మరో దొంగ దొరకడు, ఈ రక్షణ మొజాయిక్‌ను ఆపదు. మొజాయిక్ వైరస్ వేరే జాతిది, దాని జన్యుపదార్థం డీఎన్‌ఏ. పైగా, ఈ మార్పిడికి వాడిన, మొజాయిక్‌ను సహజంగా తట్టుకునే టీఎంఈ 204 రకాన్ని ప్రయోగశాలలో కణపిండాల దశ దాటించి మొక్కగా పెంచినప్పుడు ఆ శక్తి పోయింది. కొత్త జన్యువు చేర్చని మొక్కల్లోనూ అదే జరిగింది. ఆ శక్తికి మూలం డీఎన్‌ఏను నకలు తీసే ఎంజైము జన్యువులోని మార్పేనని 2022లో తేలింది.

ఇక ఒక మార్గం సంకరం. బ్రౌన్ స్ట్రీక్‌ను ఆపే మొక్కను మొజాయిక్ తట్టుకునే రకంతో కలిపితే రెండు రక్షణలూ ఒకచోటికి తేవచ్చు. కర్రపెండలం సంకరంలో గింజగింజకూ గుణం మారుతుంది. రుచి, పిండి, దిగుబడి చూసి ఏరిన మొక్కను మళ్లీ కర్రముక్కలతోనే పెంచాలి. దానికే ఏళ్లు పడతాయి.