కానుక సంచిలో పడ్డాక

కొన్నేళ్ల కిందట బోధన్ వైపు ఒక సంఘంలో ఒక తల్లి ప్రభువునందు నిద్రించింది. భర్త పోయాక బీడీలు చుట్టి పిల్లలను పెంచిన మనిషి. భూస్థాపన ఏర్పాట్లు మాట్లాడటానికి కొడుకు వస్తే కమిటీ వారు చందా పుస్తకం తెరిచారు. 26 నెలల బకాయి తేలింది. ఆ అబ్బాయి మారు మాట్లాడకుండా పక్కింట్లో అప్పు చేసి తెచ్చి కట్టాడు. ఆ గదిలో మేమూ ఉన్నాం. నియమం నియమమే కదా అని ఊరుకున్నాం. ఆ కుటుంబం మళ్లీ మందిరం గడప తొక్కలేదు. సంఘంలో కానుకలు ఎందుకు తగ్గుతున్నాయని ఎవరు అడిగినా మాకు ముందు గుర్తొచ్చేది ఆ పుస్తకమే.

నెలకింత అని చందా కట్టే పద్ధతి చెడ్డదేమీ కాదు. నెల జీతం వచ్చే ఇంటికి అది చక్కగా కుదురుతుంది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. దాని చుట్టూ జీతం మీద బతికే కుటుంబాలు పెరిగాయి. జీతం అందిన వారం చందా ఇవ్వడం వారికి బరువు కాలేదు. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు యాజమాన్యం చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. జీతాలు ఆగాయి గాని మన చందా పుస్తకంలో గడులు మారలేదు. ఇప్పుడు మన బల్లల మీద కూర్చునేవారు ఎవరు? వెయ్యి బీడీలకు ఇంత అని కూలి తీసుకునే అక్కలు. వేసవిలోపు పసుపు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేర్చి, ధర కోసం ఎదురుచూసే రైతులు. గల్ఫ్ నుంచి డబ్బు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేనట్టు బతికే ఇళ్లు. చెరకు తోలిన 14 రోజుల్లో రైతుకు సొమ్ము చెల్లించాలని చట్టం ఉంది. చట్టం చెప్పిన రోజుకే సొమ్ము చేతికి వస్తుందని నమ్మి ఏ రైతూ పెళ్లి ముహూర్తం పెట్టుకోడు.

దశమభాగం మాటేమిటని అడుగుతారు. మలాకీ 3వ అధ్యాయం మేమూ ప్రసంగిస్తాం. అయితే ధర్మశాస్త్రంలో దశమభాగం పంటలో నుంచి, మందలో నుంచి తీసేది. పంట లేని ఏడు అందులో పదో వంతు ఎంత? ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం చివరి రెండు వచనాలు తీసి చూడండి. మూడేళ్లకొకసారి ఆ భాగం ఊళ్లోనే ఉంచి లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు పెట్టమని ఉంది. అంటే మేము 26 నెలల బకాయి వసూలు చేసిన ఆ తల్లి, లేఖనం ప్రకారం పుచ్చుకోవలసిన వరుసలోని మనిషి. పౌలు కొరింథీయులకు రాసినది కూడా ఇదే తీరు: ఎవరు వర్ధిల్లిన కొలది వారు తీసిపెట్టాలి, లేనిదాన్ని బట్టి ఎవరినీ లెక్కించకూడదు.

పేదల సంఘం ఇవ్వలేదని మేము అనడం లేదు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారి కాలంలో ఆ ప్రాంతపు పల్లె సంఘాల స్త్రీలు వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి దేవుని కోసం వేరే ఉంచేవారు. పొయ్యి వెలిగిన రోజు పిడికెడు, వెలగని రోజు లేదు. దానికి బకాయి అన్న మాటే పుట్టదు.

మన దగ్గర అసలు బకాయిలు వేరే చోట ఉన్నాయి. కోత పండుగ వేలంలో సొరకాయను వేల రూపాయలకు పాడి, చప్పట్లు అందుకుని ఇంటికి వెళ్లినవారి పేర్లు కొన్ని సంఘాల బ్యాలెన్స్ షీట్లలో ఏళ్ల తరబడి ఉంటాయి. వారి ఇంట్లో ఎవరైనా చనిపోతే ఆ కాగితం ఎవరూ తెరవరు.

ఇక ఇచ్చిన డబ్బు ఏమవుతుందన్న సంగతి. 2 రాజులు 12వ అధ్యాయంలో యోవాషు రాజు మందిరం బాగుచేయమని డబ్బు యాజకుల చేతికి అప్పగించాడు. రాజు ఏలుబడిలో 23వ ఏడు వచ్చినా పని జరగలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు రంధ్రం చేసి, బలిపీఠం పక్కన పెట్టించాడు. పెట్టె నిండితే రాజు తరఫు మనిషి, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టి, సంచుల్లో కట్టి, పని చేయించేవారికి ఇచ్చారు. ఆ పనివారిని లెక్క అడగలేదు కదా అని కొందరు పెద్దలు అదే అధ్యాయం మాకు చూపిస్తారు. నిజమే, అడగలేదు. కానీ వారి చేతికి వెళ్లకముందే ఇద్దరు ఎంచారు. యాజకుని ఒక్కడి చేతిలో డబ్బు ఉన్నన్నాళ్లూ గోడ పగులు పగులుగానే ఉంది.

కాబట్టి ఆదివారం కానుక ఆరాధన అయిన వెంటనే మందిరంలోనే, బంధుత్వం లేని ఇద్దరు లెక్కపెట్టాలి. పుస్తకంలో ఇద్దరూ సంతకం చేయాలి. సోమవారం బ్యాంకులో వేయాలి. కాపరి ఇంటి బీరువాలోకి వెళ్లకూడదు, అది కాపరికే మంచిది. గోడ మీద అంటించిన క్యూఆర్ కోడ్ ఎవరి ఖాతాదో ఒకసారి స్కాన్ చేసి చూడండి. సంఘం పేరు రావాలి. కాపరి పేరో కోశాధికారి పేరో వస్తే ఈ వారమే తీసేయండి. ఆ సోదరుడు నమ్మకస్తుడే కావచ్చు, కానీ రేపు ఆయన పోతే ఆ ఖాతా వారసులది అవుతుంది.

గల్ఫ్ కానుకల మీద చాలామందికి భయం ఉంది. భారత పౌరుడు విదేశంలో పనిచేసి, తన సొంత సంపాదనలో నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది చట్టం దృష్టిలో విదేశీ విరాళం కాదు. అదే మనిషి వేరే దేశపు పౌరసత్వం తీసుకుని ఉంటే, లేదా అక్కడి సంఘం పంపితే, ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషను లేకుండా పుచ్చుకోకూడదు. కనుక పంపినవారి పాస్‌పోర్టు నకలు ఒకటి ఫైలులో ఉంచండి.

నెలకొక కాగితం, తెలుగులో, నోటీసు బోర్డు మీద పెట్టండి: ఎంత ఉండేది, ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది, ఎంత మిగిలింది, అప్పు ఎంత. ఇచ్చినవారి పేర్లు వద్దు. పని కనబడితే మనవారు కానివారు సైతం ఇస్తారు. ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరమ్మ నిజామాబాదులో కుష్ఠురోగులను చూడటం గమనించి ఆసుపత్రి కోసం పెద్ద విరాళం ఇచ్చినది హిందువైన నర్సాగౌడ్ గారు. 1915లో డిచ్‌పల్లిలో ఆ ఆసుపత్రి నిలబడింది. ఆయన పేరు ఏ చందా పుస్తకంలోనూ లేదు.

ప్రియులారా, వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం రాయించండి: చందాకు, భూస్థాపనకు సంబంధం లేదు. పెళ్లికీ లేదు, బాప్తిస్మానికీ లేదు. సభ్యులు సంతకాలు చేశాక నకలు ఒకటి సమాధుల తోట తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో ఆయనకు ఇవ్వండి.