కీచుమనే బ్రేకుకు కందెన వేయరాదు

పోయిన వానకాలంలో ఒకనాటి ఉదయం కారు వీధిలోకి తీసి బ్రేకు నొక్కాను. ముందు చక్రం కీచుమని అరిచింది. అరుగుమీద పేపరు చదువుకుంటున్న నాన్నగారు తలెత్తి, "ఇరుసుకు కాస్త కందెన వేయరాదుట్రా!" అన్నారు. నేను బదులు చెప్పేలోగానే లోపలికి వెళ్ళి, కుట్టుమిషను నూనెబుడ్డి పట్టుకొచ్చారు.

ఆయన్ను తప్పుపట్టి లాభం లేదు. ఎడ్లబండి కిర్రుమంటే కందెన, తలుపు కిర్రుమంటే నూనెచుక్క. మన ఇళ్ళలో తరతరాలుగా సాగుతున్న వైద్యమే గదా అది! కాని బ్రేకు సంగతి దీనికి ఎదురు. ఇరుసుకు రాపిడి శత్రువు. బ్రేకుకు రాపిడే ప్రాణం. చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్ళెం లాంటి డిస్కును రెండు ప్యాడ్లు చెరోవైపునుంచి బిగించి పడితేనే కారు ఆగేది. అక్కడ నూనె పడితే పట్టు జారుతుంది. కూత మానవచ్చు గాని, కారు ఆగవలసినచోట ఆగదు. అందుచేత నూనెబుడ్డిని మళ్ళీ మిషను దగ్గరికే పంపాను.

మరి ఈ కూత ఎక్కడిది? కమాను ఫిడేలు తీగను పట్టి జారుతూ, పట్టి జారుతూ స్వరం పలికిస్తుంది. ప్యాడు డిస్కును పట్టినప్పుడు జరిగేదీ అదే. ఆ స్వరం ఎప్పుడెప్పుడు వస్తున్నదో గమనిస్తే సగం రోగం తెలిసినట్టే.

రాత్రి వాన కురిసి, తెల్లవారి అరిచి, నాలుగైదుసార్లు బ్రేకు వేసేసరికి మానిందంటే భయం లేదు. అది డిస్కుకు పట్టిన పలుచటి తుప్పు. రాపిడికి అదే పోతుంది.

వేళతో పనిలేకుండా, బ్రేకు వేసినప్పుడల్లా అరుస్తుంటే ప్యాడ్లు చూపించాలి. కొత్త ప్యాడుమీద రాపిడి సరుకు సుమారు 10 మిల్లీమీటర్ల మందం వుంటుంది. అది 3కు దిగితే మార్చవలసిందే. చాలా కార్లలో ప్యాడుకు చిన్న ఉక్కురేకు అమర్చి వుంటుంది. ప్యాడు అరిగినప్పుడు అది డిస్కును తాకి, మనల్ని హెచ్చరించడానికే కూస్తుంది. కూత పోయి గరగరమని చప్పుడు వచ్చిందా, ఇనుము ఇనుమును కోస్తున్నదన్నమాట. ఇక ఆ కారు నడపరాదు. మార్చేటప్పుడు కుడి ఎడమ చక్రాలు రెండింటికీ కలిపే మార్చాలి. లేకుంటే బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగుతుంది.

మందం బాగానే వుండి అరిస్తే, దుమ్ము చేరిందో, వేడికి ప్యాడు గాజులా నునుపెక్కిందో, ప్యాడ్లను కదిలించే పిన్నులు బిగుసుకున్నాయో చూడాలి. మెకానిక్కు విప్పి శుభ్రం చేసి, పిన్నులకూ ప్యాడు వీపుకూ వేడికి తట్టుకునే బ్రేకు గ్రీజు పలుచగా రాస్తాడు. ముఖానికి మాత్రం అంటనివ్వడు. ఆ దుమ్మును నోటితో ఊదనివ్వకండి, ఊపిరితిత్తులకు చేటు.

మా కారు మధ్యాహ్నపు టెండలోనూ పాట మానలేదు. షెడ్డులో విప్పిస్తే, ఎడమ చక్రం లోపలి ప్యాడు రేకుదాకా అరిగిపోయి వుంది. ఆ ఆదివారమే పిల్లలతో ఘాటురోడ్డు దిగవలసినవాళ్ళం!

పాత ప్యాడు ఇంటికి తెచ్చి నాన్నగారి చేతిలో పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "పాపం, ఇది నూనె అడగలేదురా, సెలవడిగింది!" అన్నారు.