సహజ మరణమను రెండు మాటలు

తెలంగాణపు పల్లెలలో బ్రదుకుతెరువును మూడు మాటలలో చెప్పు వాడుక యొకటి కలదు. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి. అంత్యప్రాస చక్కగా కుదిరినది గాని, ప్రాస కొఱకు పుట్టిన మాటలు కావివి. సిరిసిల్ల నేతగాండ్రు ఊరి మగ్గము విడిచి బొంబాయికిని భివండికిని పోయిరి. గోదావరి తీరమువారు సింగరేణి గనులలోనికి దిగిరి. 1973లో చమురు ధర కొలది మాసములలో నాలుగింతలు కాగా, ఎడారి దేశములలో నగరములు లేవసాగెను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల యువకులు అటు మరలిరి. వారు చేరినది కువైటైనను, దమ్మామైనను, దోహాయైనను, ఊరివారి నోట అది దుబాయియే.

పోవుటకు కారణములు వెదుకనక్కఱ లేదు. నీరు చాలని మెట్టసేద్యము, సిరిసిల్ల మరమగ్గముల కూలి, కోరుట్ల మెట్‌పల్లి వైపు ఆడువారు చుట్టు బీడీలు, 2015 డిసెంబరులో మూతపడిన ముత్యంపేట చక్కెర కర్మాగారము: ఇవన్నియు కలిసి ఒక యింటిని నిలుపజాలనపుడు ఆ యింటి మగవాడు పాస్‌పోర్టు చేయించుకొనును, అప్పు తెచ్చి ఏజెంటు చేతిలో పెట్టును. ఈ కథ పాఠకులకు క్రొత్తది కాదు. వీసా మోసములను గూర్చి, మిత్తి భారమును గూర్చి విరివిగనే వ్రాసినారు. అంతగా వ్రాయనిది వేఱొకటి యున్నది. పనిచేయు చోట అతని ప్రాణమునకు పొంచియున్న ముప్పేది? ఆ ముప్పును అతనికి ఏ భాషలో చెప్పుచున్నారు? అతడు మరణించినచో ఆ మరణమునకు ఏ పేరు పెట్టుచున్నారు?

ఈ యేబదియేండ్ల వలసలో జగిత్యాల తెలుగునకు కొన్ని క్రొత్త మాటలు చేరినవి. పనికి పూచీపడు అరబ్బు యజమాని కఫీలు. అచ్చట నివసించుటకిచ్చు అనుమతిపత్రము అకామా. యజమానిని విడిచి, కాగితములు లేక తిరుగువాడు ఖల్లివెల్లి. దొరికిన చోట పని చేసికొనవచ్చునని చెప్పి అమ్మెడి వీసా ఆజాద్ వీసా. అక్షరము రాని ముదుసలియు ఈ మాటలను తడబడక పలుకును. భాష పెరుగు తీరు తెలిసినవారికి ఇందులో వింత లేదు. బ్రదుకు ఎవరి చేతిలోనున్నదో వారి మాటయే ముందుగ నాలుకకు వచ్చును. అయితే ఈ మాటలు యజమానికిని కాగితమునకును సంబంధించినవి. గొట్టములో పాఱు విషవాయువునకు, ఊపిరాడని తొట్టికి, ప్రాణము తీయు తేమ యెండకు ఊరి మాట యేదియు ఇంకను స్థిరపడలేదు.

గల్ఫునకు పోయినవారందఱును చమురు పనిలో లేరు. పెక్కుమంది భవనముల నిర్మాణములోను, వీథుల శుభ్రతలోను, తోటలలోను, ఇండ్లలోను పనిచేయుదురు. కొందఱు మాత్రము శుద్ధి కర్మాగారములలో, నిలువ తొట్ల కడ, గొట్టపు మార్గముల వెంబడి నుందురు. వీరిలో పలువురు చమురు సంస్థల ఉద్యోగులు కారు. పనిని గుత్తకు తీసికొన్న కంపెనీకి మనుష్యులను సరఫరా చేయు మఱియొక కంపెనీవారు. వెల్డింగు, పరంజా కట్టుట, రంగు వేయుట, తొట్లు కడుగుట, హెల్పరు పని వీరివి. కర్మాగారమును కొన్నాళ్లు ఆపి మరమ్మతు చేయు కాలమును అచ్చట షట్‌డౌన్ అందురు. అపుడు గుత్త కూలీలు వందలు వేలుగా ఒక్కసారి లోనికి వత్తురు. ఏండ్ల తరబడి మూసియున్న మూతలు తెఱవబడును. ముప్పు మిక్కిలి చేరువగా నుండు దినములవి.

ఆ ముప్పులలో ఒక్కదానిని మాత్రము కొంత విపులముగ చెప్పుకొనవలసియున్నది. ముడిచమురుతోను సహజవాయువుతోను కొన్ని భూములలో హైడ్రోజన్ సల్ఫైడను వాయువు కలిసి పైకి వచ్చును. దాని వాసన కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన. వాసన యున్నంతసేపు ముప్పున్నదనియు, వాసన పోయిన ముప్పు తొలగినదనియు మనమందఱము నమ్ముదుము. వంటగ్యాసు విషయమున ఆ నమ్మకము చాలవఱకు పనికివచ్చును. ఈ వాయువు కడ అదే ప్రాణాంతకము. గాలి పది లక్షల పాళ్లలో ఇది ఒక పాలైనను లేనపుడే ముక్కు దానిని పసిగట్టును. 100 పాళ్లకు చేరినంతనే కొలది నిమిషములలో వాసన పట్టు శక్తి నశించును. వాయువు పెరుగుచుండగా, అది పోయినదని మనిషి స్థిమితపడును. 500 దాటిన స్పృహ తప్పును. 1000 కడ ఒకటి రెండు ఊపిరులలో నేలకూలును.

ఇది గాలికంటె బరువైనది. కావున గుంటలలో, తొట్ల అడుగున, కాలువలలో నిలిచియుండును. తోడివాడు పడుట చూచి పరుగెత్తినవాడు వానిపైననే పడును. మనకిది తెలియని దృశ్యము కాదు. పాడుబావిలో దిగినవానిని తీయుటకు తమ్ముడు, తమ్ముని తీయుటకు బావమఱది దిగి, ముగ్గురు శవములై వెలికివచ్చిన వార్తలను మన పత్రికలలో ఎన్నిమారులు చదువలేదు! అచ్చట నేర్పు పాఠము మఱియొక రీతిది: పడినవాని కడకు పరుగెత్తకుము, పైనున్న గాలిసంచి ఎటు ఊగుచున్నదో చూడుము, గాలికి అడ్డముగా పోయి, పిమ్మట గాలి వచ్చు దిక్కునకు పొమ్ము, ఊపిరి యంత్రము తగిలించుకొని మఱి రమ్ము. ఈ యుపదేశము మనిషికి పుట్టుకతో వచ్చిన కరుణకు ఎదురు నడచునది. అట్టి మాట గుండెకు పట్టవలెనన్న తల్లి భాషలో, పలుమారు, చేసి చూపుచు చెప్పవలయును. సగము తెలిసిన హిందీలో ఒక పూట చూపిన బొమ్మలు ఆ పని చేయజాలవు.

వాసనయే లేని ముప్పు ఇంకొకటి. మండు వాయువులను తరుముటకు తొట్లలోనికి నైట్రోజను నింపుదురు. మనము పీల్చు గాలిలో ఐదింట నాలుగు వంతులదియే యగుటచే దానిని విషమని యెవరును తలపరు. గాలిలో 21 పాళ్లుండవలసిన ప్రాణవాయువు ఆ తొట్టిలో ఐదాఱు పాళ్లకు దిగిన, తల లోనికి పెట్టినవాడు ఉక్కిరిబిక్కిరి యగుటకును వ్యవధి యుండదు. ముడిచమురులో నుండు బెంజీను మాత్రము తొందరపడదు. ఏండ్లు గడిచిన పిదప రక్తపు క్యాన్సరుగ బయటపడగలదు.

ఇన్ని ముప్పులనడుమ పని నడుచుటకు ఆధారము ఒక కాగితము. దానిని పర్మిటందురు. ఏ తొట్టి తెఱచిరి, ఏ కవాటము విప్పిరి, ఎవరు లోపలనున్నారు అనునది అందులో వ్రాసి, పని దిగువారు ఎక్కువారికి అప్పగింపవలయును. ఆ కాగితము విలువ 1988 జూలై 6 రాత్రి ప్రపంచమునకు తెలిసివచ్చెను. స్కాట్లండునకు తూర్పున, ఉత్తరసముద్రములో పైపర్ ఆల్ఫా అను చమురు వేదికపై ఒక పంపు రక్షణ కవాటమును మరమ్మతునకు తీసి, దాని స్థానమున ఒట్టి మూత బిగించి పగటివారు దిగిపోయిరి. ఆ సంగతి రాత్రివారికి చేరలేదు. రెండవ పంపు ఆగిపోగా వారు మొదటి పంపును నడిపిరి. వాయువు వెలువడి అంటుకొనెను. 167 మంది మరణించిరి. అచ్చటి పనికి ఇంగ్లీషొక్కటే వ్యవహారభాష. ఒకే భాష నడచిన చోటనే ఒక కాగితము చేరకపోయిన ఇంత జరుగగా, ఇంగ్లీషు పర్మిటును హిందీలో విని, తెలుగులో తలపోసి, నేపాలీ తోడివానికి సైగలతో చెప్పు చోట ఎంత జాగ్రత కావలయునో ఊహింపవచ్చును.

అగ్నియు విషవాయువును ఎప్పుడో గాని రావు. ఎండ ప్రతిదినము వచ్చును. మండుటెండ మనకు క్రొత్తయా, జగిత్యాలలో మే మాసము చల్లనిదా యని యడుగువారు కలరు. అది సరియైన వాదము కాదు. చెమట ఆఱినపుడే ఒడలు చల్లబడును. గల్ఫు తీరమున గాలి తేమతో బరువై యుండుటచే చెమట కాఱును గాని ఆఱదు. దానిపై నిప్పంటని దళసరి దుస్తులు, టోపీ, బూట్లు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటిన మెదడు, గుండె, మూత్రపిండములు దెబ్బతినును. ఆ దేశములు దీనిని ఎఱుగకపోలేదు. సౌదీలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వఱకు మిట్టమధ్యాహ్నము మొదలు 3 గంటల వఱకు నేరుటెండలో పని నిషిద్ధము. కతారు 2021లో ఇంకొక యడుగు వేసి, ఎండను తేమను గాలిని కలిపి కొలుచు మాపకము 32.1 డిగ్రీలు దాటిన ఏ వేళనైనను పని ఆపవలెనని శాసించెను. మెచ్చదగిన నియమములే. కాని సౌదీ నిషేధమునుండి చమురు, వాయు సంస్థల పనివారికిని అత్యవసర మరమ్మతుల వారికిని, తగు జాగ్రతలు తీసికొనవలెనను షరతుతో, మినహాయింపు కలదు. ఆ జాగ్రతలను గుత్తదారుని గుత్తదారు ఎంతవఱకు పాటించునో అతని క్రింది కూలికే ఎఱుక.

ఇట్టి ఎండలో పగలెల్ల పనిచేసి, రాత్రి క్యాంపులో పండుకొన్న ముప్పదియేండ్ల యువకుడు తెల్లవాఱునప్పటికి లేవడు. అతని ధ్రువపత్రముపై అరబ్బీలో వ్రాసి, ఇంగ్లీషునకు మార్చిన మాట, కోరుట్ల చెంతనున్న యింటికి తెలుగై చేరునప్పటికి ‘సహజ మరణము’ అగును. లేదా ‘గుండె ఆగుట’ అగును. గుండె ఆగని మరణమెచ్చట నున్నది? అది మరణమునకు నిర్వచనమే గాని హేతువు కాదు. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2021లో కతారును గూర్చి వెలువరించిన నివేదిక ఎత్తిచూపినదియు ఇదియే: మూలకారణము విచారింపకయే సహజమని వ్రాయుచున్నారని. 2019లో ఒక హృద్రోగ వైద్యపత్రిక ప్రకటించిన పరిశోధన 2009 మొదలు 2017 వఱకు కతారులో మరణించిన నేపాలీ కార్మికులను పరిశీలించెను. గుండె జబ్బుగ నమోదైన మరణములు 571. వేడినుండి తగిన రక్షణ యున్నచో వానిలో 200 వఱకు తప్పియుండెడివని పరిశోధకుల అంచనా. మన జిల్లాల మృతుల నిట్లు లెక్కించి చూచు పని మన విశ్వవిద్యాలయములకు తగినది.

ఆ రెండు మాటల వెల కూడ చెప్పుకొనదగినది. పది చదువని శ్రామికుడు గల్ఫునకు పోవునపుడు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు. ప్రమాదమున మరణించిన 10 లక్షలు వచ్చును. సహజ మరణమునకు ఆ పది లక్షలు రావు. పరంజాపై ఎండదెబ్బకు కూలినవాడు ప్రమాదమృతుడా, సహజమృతుడా? వాని భార్యకు అది వ్యాకరణ సమస్య కాదు. సందర్శకుల వీసాపై పోయినవానికి ఆ బీమాయే లేదు. తెలంగాణ ప్రభుత్వము 2024 సెప్టెంబరులో గల్ఫు మృతుల కుటుంబములకు 5 లక్షల సాయము నిర్ణయించుట మంచి పనియే. మరణము ఏల కలిగెనను ప్రశ్నకు మాత్రము సాయము ఉత్తరము కానేరదు.

పని ముగించుకొని చేరు నివాసమును నిరపాయము కాదని 2024 జూన్ 12 తెల్లవాఱుజామున కువైటులోని మంగాఫు చూపినది. కార్మికులు నిద్రించు భవనమున నిప్పంటుకొని దాదాపు 50 మంది చనిపోయిరి. వారిలో అత్యధికులు భారతీయులు, ముగ్గురు ఆంధ్రదేశమువారు.

దుబాయికి ముందున్న మాట బొగ్గుబాయి. గనిలో చావు లేదని కాదు, ఎన్నియో కలవు. కాని అచ్చట సర్దారు దీపముతో వాయువును పరీక్షించును. కప్పు కదలిన శబ్దమును కార్మికుడు గుర్తించును. ఆ మాటలన్నియు గోదావరిఖని యింటింట తెలుగు మాటలైనవి. చనిపోయినచో విచారణ యుండును, ఏలయని యడుగు సంఘముండును. కోనసీమ వారికిని చమురు ముప్పు తెలుగులోనే తెలిసినది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావినుండి లేచిన మంట 65 దినములు మండుటచే బ్లోఅవుట్ అను మాటను అచ్చటి పిల్లలును పలుకుదురు. 2014 జూన్ 27న నగరములో గ్యాసు గొట్టము ప్రేలి ఇరువదిమందికి పైగా మరణించినపుడు, గొట్టము ఏల తుప్పు పట్టెనని ఊరివారే నిలిచి యడిగిరి. ఎడారిలో అట్లడుగుటకు ఊరు లేదు. కార్మిక సంఘములు కొన్ని గల్ఫు దేశములలో నిషిద్ధములు.

విదేశాంగ శాఖ పోవువారికి ఇప్పించు శిక్షణ ఒక దినముది. ఆ దినములోనే చట్టము, బ్యాంకు, ఆచారములు, ఆరోగ్యము అన్నియు ఇమడవలయును. గాలిసంచి పాఠమునకు అందులో ఎన్ని నిమిషములు మిగులును? జగిత్యాల, సిరిసిల్లలలో ఐ.టి.ఐ.లు కలవు, తొట్టిలో దిగుట, పర్మిటు చదువుట, ఊపిరి యంత్రము తగిలించుకొనుట తెలుగులో నేర్పుటకు వారము చాలును. నేర్పువారి కొఱకును దూరము పోనక్కఱ లేదు. ఇరువదియేండ్లు శుద్ధి కర్మాగారములలో పనిచేసి మరలివచ్చినవారు ఊరూర నున్నారు.

మరలివచ్చినవారి సంగతియు కొంత కలదు. గల్ఫునుండి, మలేషియానుండి వచ్చిన యువకులలో మూత్రపిండములు చెడుటను గూర్చి నేపాలు వైద్యులు కొన్నేండ్లుగ హెచ్చరించుచున్నారు. కోరుట్ల ఆసుపత్రికి కాళ్లవాపుతో వచ్చిన నలుబదియేండ్ల మనిషిని, మధుమేహమున్నదా, బీడీ త్రాగుదువా అని అడుగుటతో పాటు, ఎడారిలో ఎన్ని వేసవులు గడిపితివి, ఏ పనిలో, దినమునకు ఎన్ని నీళ్లు త్రాగనిచ్చిరి అని కూడ అడిగి, ఆ జవాబును చీటీపై వ్రాసియుంచవలయును.