పెన్నేటికి ఎదురుగా, గరుసు బాటలో

గండికోటకు జనం కార్లలో వస్తారు. జమ్మలమడుగు దాటాక పదిహేను కిలోమీటర్లు, లోయ అంచున పది ఫొటోలు, చీకటి పడేలోగా తిరుగు ప్రయాణం. పెన్నను పైనుంచి చూసి పోయినవాళ్లకు ఆ ఏరు కోట దిగాక ఏ నేలల్ని తడిపిందో, ఎవరితో కలిసిందో తెలిసే వీల్లేదు. అందుకే ఈ కథనం దారిని అవతలి కొస నుంచి పట్టుకుంటోంది. కమలాపురంలో మొదలుపెట్టి, ఏటికి ఎదురుగా, కోట దాకా. అదీ సైకిల్ మీద, వీలైనంత వరకు తారు రోడ్డు తొక్కకుండా.

ఇలాంటి సవారీని ఇప్పుడు ప్రపంచమంతా గ్రావెల్ బైకింగ్ అంటోంది. సైకిల్ చూడటానికి రేసు సైకిలే. హ్యాండిల్ అలాగే కిందికి వంగి ఉంటుంది. టైరు మాత్రం 40, 45 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో గాలి తక్కువ. కంకర మీద ఎగిరిపడకుండా పట్టుకుని పోతుంది. ఈ మోజుకు మూలాలు వెతికితే ఒకటి ఇటలీలో దొరుకుతుంది. టస్కనీలో ద్రాక్షతోటలకూ కోటలకూ మధ్య తిరిగే తెల్లమట్టి దారులు ఒక్కొక్కటే తారు కిందికి పోతుంటే, జాంకార్లో బ్రోచ్చి అనే ఆయన 1997లో గయోలె అనే ఊళ్లో పాత సైకిళ్లతో ‘లెరోయికా’ అనే సవారీ మొదలుపెట్టాడు. మొదటిసారి వచ్చింది 92 మందే. పదేళ్లకు, 2007లో, అవే దారుల మీద పెద్ద రేసు పుట్టింది. ఇవాళ ఆ రేసు పేరు, స్త్రాదె బియాంకె, అంటే సైకిల్ పిచ్చి ఉన్నవాళ్లందరికీ తెలుసు. దుమ్ము కొట్టుకుపోయిన పల్లె బాటకు అంత విలువ వచ్చింది.

మనకు కోట ఉంది, ఏరు ఉంది, తోటలున్నాయి. బాటలు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఎడ్లబండ్లు తిరిగిన డొంకలు, కాలువ గట్లు, చేను నుంచి చేనుకు పోయే దారులు.

కమలాపురం మూడు ఏర్ల ముంగిట్లో ఉంటుంది. పెన్న పడమటి నుంచి వస్తుంది. కుందూ ఉత్తరాన నల్లరేగడి నేలలు దాటుకుని వస్తుంది. పాపాఘ్ని వేంపల్లె దగ్గర గండిలో కొండను చీల్చుకుని దక్షిణం నుంచి వస్తుంది. అన్నీ ఈ చుట్టుపక్కలే కలుస్తాయి. ఇంకాస్త దిగువన పుష్పగిరిని పంచనదీ క్షేత్రం అనడం ఊరికే కాదు. ఏడాదిలో ఎక్కువ నెలలు పాపాఘ్ని ఇసుకే. ఆ ఇసుకను చూసి ఏరు చచ్చిపోయిందనుకుంటే పొరపాటు. 2021 నవంబరు వానల్లో ఎగువన వెలిగల్లు నుంచి వచ్చిన వరదకు కమలాపురం దగ్గరి వంతెనే కూలిపోయింది. తుపాను కబురు ఉన్న రోజున వంకల్లో దిగి సైకిల్ తోసుకుపోవడం సాహసం కాదు, తెలివితక్కువ.

ఇక్కడ తొక్కేవాడికి టస్కనీలో దొరకనిది ఒకటుంది. ఈ బాటల పక్కనే మన భాష మొదటి రాతలు. ఎర్రగుంట్ల మండలం కలమల్లలో, చెన్నకేశవ స్వామి గుడి దగ్గర, రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం దొరికింది. క్రీ.శ. 575 ప్రాంతానిది, తెలుగులో దొరికిన తొలి శాసనంగా పేరు. కమలాపురానికి ఇంకా దగ్గర్లో ఎర్రగుడిపాడు, అక్కడా రేనాటి శాసనమే. రాజులు ప్రాకృతం, సంస్కృతం వదిలి ఊళ్లో మాట్లాడే మాటను రాతికెక్కించింది ఈ దుమ్ములోనే. కలమల్లకు పోతుంటే దూరం నుంచే కనిపించేది మాత్రం గుడి కాదు, రాయలసీమ థర్మల్ కేంద్రం పొగ గొట్టాలు.

ఎర్రగుంట్ల చుట్టూ నేల రంగు మారుతుంది. ఇది నాపరాయి సీమ. ఇంటి నేల బండ, చేనుకు నిలబెట్టిన రాతి కంచె, పశువుల తొట్టి, అన్నీ ఆ పొరల రాయే. సున్నపురాయి దుమ్ముతో బాటలు తెల్లబారి ఉంటాయి. గనుల పక్క పారబోసిన చెక్కల అంచులు కత్తుల్లా ఉంటాయి, టైరు పక్కభాగాన్ని కోసేస్తాయి. సిమెంటు లారీలు తిరిగే రోడ్డు మీద సైకిల్‌కు చోటు లేదు. అక్కడ ఎంత చుట్టు తిరుగుడైనా డొంకే మేలు.

ప్రొద్దుటూరులో బంగారం కొట్లు, బట్టల అంగళ్లు. సైకిల్ తొక్కేవాడికి కావాల్సింది ఎర్రకారం దోశ, లేదా ఉగ్గాణి బజ్జి. తిని కదలాలి.

జమ్మలమడుగు వైపు రేగడి మొదలవుతుంది. చలికాలంలో శనగ చేలు. ఎండినప్పుడు ఆ బాట మీద చక్రం మెత్తగా దొర్లుతుంది. ఒక్క వాన పడిందా, మట్టి టైరుకూ ఫోర్కుకూ మధ్య దూరి బ్రేకు వేసినట్టు ఆపేస్తుంది. అప్పుడు సైకిల్‌ను భుజానికెత్తుకోవడమే. రెండో శత్రువు పల్లేరుకాయ. మూడోది సర్కారు కంప ముల్లు. ట్యూబు టైరుతో ఇక్కడికి వస్తే తొక్కిన సేపు కంటే పంక్చర్లు వేసిన సేపే ఎక్కువ. ట్యూబు లేని టైరులో సీలెంట్ ద్రవం పోసుకుని రావాలి, చిన్న రంధ్రాలను అదే పూడ్చేస్తుంది. పెన్న ఒడ్డున దానవులపాడు దగ్గర ఆగాలి. ఇసుకలో పూడిపోయిన జైన క్షేత్రాన్ని అక్కడ తవ్వి తీశారు. రాష్ట్రకూటుల కాలంలో వెలిగిన చోటు.

మైలవరం జలాశయం దాటాక ఎక్కుడు. సైకిల్ మీద వచ్చినవాడికి గండికోట అసలు రక్షణ ఏమిటో కాళ్లకు తెలుస్తుంది. ఒకవైపు ఏరు కోసిన ఎర్రరాతి లోయ, మిగతా వైపుల గోడ. పెమ్మసాని నాయకులు తరతరాలుగా ఏలిన ఈ కోటను పదిహేడో శతాబ్దం మధ్యలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి నగల వర్తకుడు తవెర్నియే ఆయన్ను వెతుక్కుంటూ ఇక్కడికే వచ్చాడు. తవెర్నియే రాసిపెట్టిన సంగతుల్లో ఒకటి మరచిపోలేనిది. మీర్ జుమ్లా కొలువులో మాయె అనే ఫ్రెంచివాడు గుళ్లలోని లోహ విగ్రహాలు కరిగించి ఫిరంగులు పోస్తానని పూనుకున్నాడు. గండికోట గుడి విగ్రహాలు మాత్రం ఎంత కాచినా కరగలేదట. చివరికి ఒక్క ఫిరంగి కూడా సరిగా తయారు కాలేదంటాడు తవెర్నియే. కోటలో ఇప్పటికీ ఊరుంది. మాధవరాయ ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం మధ్య మేకలు తిరుగుతుంటాయి.

కోట దాటి కొండాపురం వైపు పోతే గండికోట జలాశయం. నిండితే 26.85 టీఎంసీలు. ఆ నీటి కింద తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లున్నాయి. నీళ్లు అందిన పల్లె వేరు, నీళ్లకు ఇల్లు వదిలిన పల్లె వేరు. గట్టు మీద సైకిల్ ఆపి దృశ్యం బాగుందనుకునే ముందు అది తెలిసి ఉండాలి.

ముందు చెప్పిన తోటలు పులివెందుల వైపు. ద్రాక్ష కాదు, చీనీ, అరటి. చీనీ రైతు నీళ్లు ఆపి చెట్టును బెట్టకు వదులుతాడు. ఆకు రాలాక మళ్లీ నీళ్లు కట్టి పూత తెప్పిస్తాడు. పూత మీదున్న తోట పక్కన తొక్కితే ఆ వాసనకు కాళ్లు నెమ్మదిస్తాయి. కరువేళ్లలో ఇవే తోటలకు ట్యాంకర్లతో నీళ్లు తోలి, బోరు మీద బోరు వేసి అప్పులపాలైనవాళ్లున్నారు. ఇప్పుడు పార్నపల్లె దగ్గరి చిత్రావతి జలాశయం, కాలువలు కొంత ఊపిరి పోశాయి. ఆ కాలువ గట్ల మీద ఇరిగేషన్ జీపుల కోసం వేసిన గరుసు దారులే ఈ లోయలో సైకిల్‌కు అన్నిటికన్నా మంచివి.

2024 నవంబరులో కేంద్రం గండికోట అభివృద్ధికి దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కోటకు అది కావాల్సిందే. కానీ కోటకూ కమలాపురానికీ మధ్య ఉన్న లోయకు కోట్లు అక్కర్లేదు. కలమల్లకు దారి చూపే పలక, తాగునీళ్లు, కాలువ గట్టును గరుసుగానే వదిలేయడం చాలు. ఊరి రోడ్డుకు తారు వద్దనే హక్కు మనకు లేదు. వానలో నిండు చూలాలిని ఆసుపత్రికి తీసుకుపోయేవాళ్లకు తారే కావాలి. డొంకల సంగతి వేరు, వాటి మీద తిరిగేది ఎడ్లు, ట్రాక్టర్లు, గొర్రెలు.

రావాలంటే నవంబరు వానలు వెళ్లాక, ఫిబ్రవరి ముగిసేలోగా రండి. వేసవిలో ఇక్కడ 45 డిగ్రీలు మామూలే. సైకిల్‌ను రైల్లో పార్సిల్‌గా కడప దాకా తెచ్చుకోవచ్చు, అక్కడి నుంచి కమలాపురం దగ్గరే. దారిలో ఎవరో ఒకరు ఆపి “యాడికి పోతాండావన్నా ఈ ఎండలో?” అని అడుగుతారు. గండికోటకని చెబితే తారు రోడ్డు ఎటుందో చూపిస్తారు. డొంక ఎటని మళ్లీ అడగండి.