బ్రాందీ అలెగ్జాండర్: మిల్క్‌షేక్ రుచి, బ్రాందీ మత్తు

1974 మార్చిలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఉన్న ట్రూబడూర్ క్లబ్ నుంచి ఇద్దరు గాయకులను బయటకు పంపేశారు. ఒకరు బీటిల్స్ మాజీ సభ్యుడు జాన్ లెనన్, మరొకరు హారీ నిల్సన్. వేదికపై కార్యక్రమం జరుగుతుండగా వారు చేసిన గొడవే కారణం. ఆ రాత్రి వారు తాగింది బ్రాందీ అలెగ్జాండర్. తియ్యగా, మీగడలా ఉండే ఈ కాక్‌టెయిల్ ఎంత తాగామో తెలియనివ్వదు. ఇంట్లో చేసుకునేవారు ముందుగా గుర్తుంచుకోవాల్సిన విషయం ఇదే.

ఏమేం కావాలి?

అలెగ్జాండర్ మొదట జిన్‌తో చేసే పానీయం. 1916లో న్యూయార్క్ బార్‌టెండర్ హ్యూగో ఎన్స్‌లిన్ ప్రచురించిన పుస్తకంలో ఉన్నది ఆ జిన్ రకమే. బ్రాందీ రకానికి అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం కొలత చాలా సులువు: కోన్యాక్, క్రెమ్ ద కకావో అనే కోకో లిక్కర్, తాజా క్రీమ్ మూడూ 30 మిల్లీలీటర్ల చొప్పున. పైన కాస్త జాజికాయ పొడి.

ఎలా చేయాలి?

గ్లాసును ముందే ఫ్రిజ్‌లో పెట్టాలి. మూడింటినీ షేకర్‌లో పోసి, నిండా ఐసు వేసి, 15 సెకన్లు గట్టిగా కుదిపి వడకట్టాలి. షేకర్ లేకపోతే గట్టి మూత ఉన్న సీసా చాలు. పాల మీది మీగడ తరకలుగా ఉండిపోతుంది కాబట్టి ప్యాకెట్ క్రీమ్ వాడటమే మేలు. నిమ్మరసం వంటి పులుపు తగిలితే క్రీమ్ విరిగిపోతుంది. జాజికాయను అప్పటికప్పుడు తురిమితేనే వాసన.

ఏ బ్రాందీ?

బ్రాందీ అంటే ద్రాక్ష సారాను స్వేదనం చేసి తీసేది. కోన్యాక్ కూడా ఫ్రాన్స్‌లోని ఆ ప్రాంతంలో తయారైన ద్రాక్ష బ్రాందీయే. తెలుగు రాష్ట్రాలు సహా దక్షిణాదిలో బ్రాందీకి గిరాకీ ఎక్కువే అయినా, తక్కువ ధర సీసాల్లో చాలావాటికి ఆధారం చెరకు మొలాసిస్ లేదా ధాన్యం నుంచి తీసిన స్పిరిట్. ద్రాక్ష బ్రాందీ అందులో కొద్దిపాటే. అందుకే లేబుల్ చదివి కొనాలి. కోకో లిక్కర్ దొరక్కపోతే 45 మిల్లీలీటర్ల బ్రాందీ, 20 మిల్లీలీటర్ల చిక్కటి కోకో పంచదార పాకం, 30 మిల్లీలీటర్ల క్రీమ్ కలపవచ్చు.

ఒక గ్లాసులో ఎంత?

మన దేశంలో బ్రాందీ సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్‌తో వస్తుంది. కోకో లిక్కర్‌ను 24 శాతంగా లెక్కిస్తే, ఒక గ్లాసులో దాదాపు 16 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఒక డ్రింకుకు 10 గ్రాములు అనే ప్రామాణిక లెక్క ప్రకారం ఇది ఒకటిన్నర. రెండు గ్లాసులు తాగితే మూడు పూర్తయినట్టే. నాలుకకు తెలిసేది మాత్రం చాక్లెట్టే. అతిథులకు ఇచ్చేవారు ఈ లెక్క ముందే చెప్పాలి. తాగినవారి చేతికి బండి తాళాలు ఇవ్వకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 21 ఏళ్లు నిండని వారికి మద్యం నిషిద్ధం.